కోలా కాయకు చెప్పవలసిన మాటలు

అల్ఫారెట్టా
2024 ఆగస్టు 11, ఆదివారం

అక్కయ్యకు,

ఎండ ఎక్కువ. సాయంత్రం నాలుగింటికి పావుగంట జల్లు పడింది. ఆరో నంబరు డ్రయ్యర్‌లో పేరుకున్న నూలుపీచు తీసి శుభ్రం చేశాను.

నీ ఉత్తరం గురువారం అందింది. చెవి మిషను పెట్టుకుంటే ఫోనులో ఈలలు వినబడుతున్నాయనీ, ఇక ఉత్తరాలే రాయమనీ అన్నావు. అలాగే. నాకూ అదే సుఖం. ఫోనులో నేను ఒక మాట చెప్పి ఆగితే నువ్వు "ఊఁ, ఇంకా?" అంటావు. దాంతో ఉన్నది కూడా మరిచిపోతాను.

రోజూ రాసుకునే పుస్తకం ఇంకా రాస్తున్నావా అని అడిగావు. రాస్తున్నాను. వాతావరణం, ఆ రోజు చేసిన మరమ్మతు, ఎవరైనా వస్తే వాళ్ళ పేరు. అంతే.

ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. నాకు కాదు, మా లాండ్రీ యజమాని చిదోజీ గారికి. ఆయనది నైజీరియా. వాళ్ళ భాష ఇగ్బో. అక్టోబరు 26న కూతురి పెళ్ళి మాటలకని పిల్లవాడి తరఫు వాళ్ళు హ్యూస్టన్ నుంచి ఆయన ఇంటికి వస్తున్నారు. వాళ్ళలో ఒక ఆచారం ఉంది. వచ్చిన వాళ్ళ ముందు కోలా కాయ పెట్టాలి, మన వక్కలా కొరుక్కు తినే చేదు కాయ. ఇంటి పెద్ద మగవాడు దాన్ని చేత్తో పట్టుకుని ఆశీర్వచనం చెప్పాలి. తర్వాత కాయ పగలగొట్టి అందరికీ పంచుతారు. అది అయ్యేదాకా పెళ్ళి మాట ఎత్తకూడదు. ఆశీర్వచనం ఇగ్బోలోనే చెప్పాలి. ఇంగ్లీషులో చెబితే చెల్లదు.

చిదోజీకి ఇగ్బో రాదు. చిన్నప్పటి నుంచీ ఇంగ్లీషే. తండ్రి పోయాడు, అన్నదమ్ములు లేరు. తల్లికి అంతా వచ్చు, కానీ ఆడవాళ్ళు ఆ కాయ పట్టుకోకూడదు.

మొన్న మిషన్ల మధ్య కూర్చుని, "శేష్, వాళ్ళ ముందు నోరు పెగలకపోతే ఈ ఇంట్లో మగవాడే లేడంటారు. ఏం చెయ్యను?" అన్నాడు. నేను అప్పుడు స్క్రూ విప్పుతున్నాను. ఇవాళ వాళ్ళ ఇంటికి వెళ్ళి వాళ్ళమ్మగారి దగ్గర కూర్చుని వచ్చాను. వచ్చే ఆదివారం కూడా వెళ్తాను.

బావగారికి నమస్కారాలు.

శేషగిరి


శాన్ రామన్
ఆగస్టు 20

తమ్ముడికి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నాకు అర్థమైంది ఒక్కటే. నువ్వు కోలా కాయ తినబోతున్నావు. మీ బావగారిని అడిగాను. ఆయన పేపర్ దించకుండానే, "దాన్నిండా కెఫీన్ ఉంటుంది. వాడికి స్టెంట్ వేసి రెండేళ్ళు కాలేదు. ముట్టుకోవద్దని రాయి" అన్నారు. రాశాను. ముట్టుకోవద్దు.

ఇక రెండోది. ఈ తంటా నీకెందుకురా? నిన్ను పనిలో పెట్టుకున్నది మిషన్లు బాగు చెయ్యటానికి. ఆ ఆశీర్వచనం రాకపోతే నీ ఉద్యోగం ఏమైనా పోతుందా? అలా బెదిరిస్తే చెప్పు, అనూప్‌తో మాట్లాడిస్తాను. వాడికి లాయర్ ఫ్రెండ్స్ ఉన్నారు.

మూడోది. ఆ పెద్దావిడ సంగతి నాకు అర్థం కాలేదు. తనకు అంత భాష వచ్చినప్పుడు కొడుకు చిన్నప్పుడు ఏం చేసింది? కన్నకొడుక్కి నాలుగు ముక్కలు నేర్పకుండా ఇప్పుడు ఊళ్ళోవాళ్ళని పట్టుకుని నేర్పమంటే ఎలా? తల్లి అనేది దేనికి మరి?

ఇక్కడ ఎండలు మండుతున్నాయి. మనవరాలు ఆద్య హైస్కూల్లో చేరింది. నిన్న వచ్చి నీ ఉత్తరం తిప్పి తిప్పి చూసి, "అమ్మమ్మా, ఇట్ లుక్స్ లైక్ జిలేబీ" అంది. నేను నాన్నమ్మనని పద్నాలుగేళ్ళుగా చెబుతూనే ఉన్నాను.

గోంగూర పచ్చడి పార్సిల్ చేశాను. సీసా కారితే నా తప్పు కాదు, మీ బావగారు మూత బిగించారు.

ఆశీస్సులు.
జానకక్కయ్య


అల్ఫారెట్టా
సెప్టెంబరు 1, ఆదివారం

అక్కయ్యకు,

మబ్బు. గాలి లేదు. షాపు వెనక తలుపు బందుకు నూనె వేశాను. పచ్చడి సీసా కారలేదు. బావగారికి చెప్పు.

నేను కాయ తినటం లేదు. ఉద్యోగానికి ఏమీ ఇబ్బంది లేదు. చిదోజీ మంచివాడు. పదకొండేళ్ళలో నన్ను ఒక్కసారి కూడా ఎందుకు ఆలస్యమైందని అడగలేదు.

నేను చేస్తున్నది చిన్న పని. తల్లి చెప్పే మాటలు రాసుకుంటున్నాను. ఆవిడ పేరు ఉజోమా. ఎనభై రెండేళ్ళు. చిదోజీ ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంటే చదివేటప్పుడు ఆ ఇంగ్లీషు యాసే వస్తోంది. ఆవిడ తల పట్టుకుంటోంది. నేను తెలుగు అక్షరాల్లో రాసి చదివి వినిపిస్తే, "ఇదిగో, ఇలా!" అని బల్ల మీద కొట్టింది. మన అక్షరాలకు అది కష్టం కాలేదు. వేరే పుస్తకం లేక నా రోజువారీ పుస్తకంలోనే రాస్తున్నాను.

కాయ పట్టుకుంటే తప్పని, ఆవిడ చేతిలో చిన్న బంగాళాదుంప పట్టుకుని ఆశీర్వచనం చెబుతుంది. చిన్నప్పుడు వాళ్ళ నాన్న చెబుతుంటే వంటింటి గడపలో నిలబడి విన్నదట. ఒక్క మాట కూడా మరిచిపోలేదు. ఆయుష్షు, పిల్లలు, పంట, దారిలో ఎదురుదెబ్బ తగలకపోవటం, ఇవే అడుగుతారు. ఒక్కో వాక్యానికి విన్నవాళ్ళు "ఈసే" అనాలి. మన తథాస్తు లాంటిది.

కొడుక్కి ఎందుకు నేర్పలేదని అడిగావు. నేను ఆవిడను అడగలేదు, ఆవిడే చెప్పింది. వాళ్ళ దేశంలో యుద్ధం జరిగినప్పుడు చిదోజీ చంటివాడు. యుద్ధం అయ్యాక లాగోస్‌కు వచ్చారు. అక్కడ ఎక్కువమంది భాష వేరు. ఏ జాతివాళ్ళమో నోటిని బట్టి తెలిస్తే పిల్లవాడికి ప్రమాదమని భర్త భయపడ్డాడు. ఇంట్లో ఇంగ్లీషే అన్నాడు. ఇగ్బో మాట జారితే బల్ల మీద వేలితో టక్కున కొట్టేవాడు. ఆవిడ ఒప్పుకుంది. పిల్లవాడు బతికితే చాలనుకుంది. ఇప్పుడు బాధపడుతోంది. అలా చేసిన తల్లులను మనమూ చూశాం కదా.

ఉంటాను.
శేషగిరి


శాన్ రామన్
సెప్టెంబరు 11

శేషగిరికి,

ఉత్తరం అందింది. 'అలా చేసిన తల్లులను మనమూ చూశాం' అని రాశావు. చూశావు. నీ కళ్ళెదుటే ఉంది కదా ఒకతె.

నేరుగా అనటానికి నీకు మొహమాటం. పరాయి దేశపు ఆవిడను అడ్డం పెట్టి నాకు చెప్పావు. సంతోషం.

నీకు తెలియనిది చెబుతాను. 1984లో మేం పార్సిప్పనీలో ఉన్నాం. అనూప్‌ను కిండర్‌గార్టెన్‌లో వేశాం. నెల తిరక్కుండా టీచర్ పిలిచింది. ఇంట్లో ఇంకో భాష మాట్లాడుతున్నారు కాబట్టి పిల్లవాడు వెనకబడుతున్నాడు, ఇవాళ్టి నుంచి ఇంగ్లీషే మాట్లాడండి అంది. డాక్టర్ కూడా అదే అన్నాడు. మీ బావగారు డాక్టరే, ఆయనా తల ఊపారు. ముగ్గురు చదువుకున్నవాళ్ళు చెబితే నేను కాదనేదాన్నా?

నా ఇంగ్లీషు అప్పుడు ఎంత ఉండేదో నీకు తెలుసు. అన్నం కలిపి పెడుతూ "ఓపెన్ యువర్ మౌత్" అనేదాన్ని. అంతకంటే ఏం అనాలో తెలిసేది కాదు. పడుకోబెట్టేటప్పుడు వాడు కథ అడిగేవాడు. ఇంగ్లీషులో చెప్పటానికి నాకు మాటలు చాలేవి కావు. అందుకని కథలు మానేశాను. బుక్స్ కొనిచ్చాను. ఎత్తుకుని లాలించటానికి కూడా మాట వెతుక్కున్న తల్లిని నువ్వు ఎక్కడైనా చూశావా?

నీకు పిల్లలు లేరు. నీకేం తెలుస్తుంది.

ఈ మాట కొట్టేద్దామనుకున్నాను. పెన్నుతో రాశాను, ఉండనీ.

జానకీదేవి


అల్ఫారెట్టా
సెప్టెంబరు 22, ఆదివారం

అక్కయ్యకు,

ఎండ, కొంచెం చల్లగాలి. షాపు కిటికీ అద్దాలు తుడిచాను.

ఈ ఉత్తరం నాలుగోసారి రాస్తున్నాను.

నేను నీ గురించి రాయలేదు. తెనాలిలో మన పక్కింటి జయంతి గారి గురించి రాశాను. ఆవిడ పిల్లలు కాన్వెంటులో తెలుగు మాట్లాడితే మెడలో అట్ట వేసి నిలబెట్టేవారు, అందుకని ఆవిడ ఇంట్లో కూడా మాన్పించింది. నీకు గుర్తుంటుందనుకున్నాను. పేరు రాస్తే సరిపోయేది. నేను రాయవలసింది సగమే రాస్తాను. అది నా తప్పు.

పార్సిప్పనీ సంగతి నాకు తెలియదు. నువ్వు చెప్పలేదు, నేను అడగలేదు. అప్పట్లో నువ్వు ఇంటికి రాసిన ఉత్తరాల్లో అంతా బాగుందనే ఉండేది.

పిల్లల గురించి నువ్వు అన్నది నిజమే. నేను బాధపడలేదు. కొంచెం పడ్డాను. ఇప్పుడు లేదు.

ఇక్కడ పని చెడింది. చిదోజీకి మాటలు వస్తాయి. షాపులో నా ఎదుట చెబుతాడు. తల్లి ఎదుట మూడో వాక్యం దగ్గర నోరు పడిపోతుంది. పోయిన ఆదివారం ఆవిడ ఒక మాట దిద్దింది. దిద్దుతూ బల్ల మీద వేలు ఆనించింది, కొట్టలేదు. ఆయన మొహం చూడలేకపోయాను. యాభై ఎనిమిదేళ్ళ మనిషి స్కూలు పిల్లవాడిలా భుజాలు ముడుచుకున్నాడు. లేచి, "ఇంగ్లీషులోనే చెబుతాను. ఇష్టమైతే వింటారు, లేకపోతే హ్యూస్టన్ వెళ్ళిపోతారు" అన్నాడు. ఆవిడ, "అయితే ఆ రోజు నేను గదిలోంచి బయటకు రాను" అంది. అప్పటి నుంచీ ఆ ఇంట్లో ఇద్దరికీ మాటలు లేవు. పెళ్ళికూతురు నాకు ఫోన్ చేసి ఏడ్చింది. ఆ అమ్మాయికి నేను అంకుల్‌ని.

నాకు ఏం చెయ్యాలో తెలియటం లేదు. నీకేమైనా తోస్తే రాయి.

నీ తమ్ముడు
శేషగిరి


శాన్ రామన్
అక్టోబరు 3

చిరంజీవి శేషుకి,

జయంతి గారు! ఆ అట్టల సంగతి చదవగానే గుర్తొచ్చింది. పేరు రాయటానికి నీకు సిరా ఖర్చవుతుందా? పదకొండు రోజులు మీ బావగారితో సరిగ్గా మాట్లాడలేదు. ఆయనకు ఎందుకో కూడా తెలియదు పాపం.

ఆ పిల్లల మాట నేను అనకూడనిది. ఇక ఎత్తకు, నేనూ ఎత్తను.

నీ ఉత్తరం వచ్చిన మర్నాడు ఆదివారం, అనూప్ వచ్చాడు. వాడు గిన్నెలు కడుగుతుంటే పక్కన నిలబడి అడిగేశాను. నలభై ఏళ్ళు పట్టింది అడగటానికి. "నేను నీకు తెలుగు చెప్పలేదని కోపమా నాన్నా?" అన్నాను, తెలుగులోనే. వాడు నీళ్ళు కట్టేసి, "అమ్మా, నాకు అర్థం అవుతుంది. మాట్లాడటమే రాదు. నువ్వూ డాడీ కిచెన్‌లో మాట్లాడుకుంటుంటే నేను స్టెయిర్స్ మీద కూర్చుని వినేవాణ్ణి. యూ డిడంట్ నో?" అన్నాడు. నాకు తెలియదురా. "మరి పెద్దయ్యాక చెప్పలేదేం?" అంటే, "మీరు స్టాప్ చేస్తారని" అన్నాడు. కాఫీ ఇచ్చాను.

అందుకని చెబుతున్నాను. మీ చిదోజీకి కూడా లోపల ఉండే ఉంటుంది. తల్లి ఎదుట రాదు, జనం ఎదుట రాదు, అంతే. మనవాళ్ళు ఏం చేస్తారు? అనూప్ పెళ్ళిలో పంతులుగారు ఒక్కో ముక్కా అందిస్తే వీడు తిరిగి చెప్పలేదూ? ఎంతమంది పెళ్ళికొడుకులకు ఆ మంత్రాలు వచ్చు? ఎవరైనా తప్పన్నారా? నువ్వు పక్కన కూర్చో. పుస్తకం నీ దగ్గరే ఉంది. మగవాడివి, పెద్దవాడివి. కాయ ఆయన పట్టుకుంటాడు, మాట నువ్వు అందించు. తల్లి వంటింటి గడపలో ఉంటుంది. ఎవరి హద్దు వాళ్ళదే.

ఒప్పుకుంటారో లేదో ముందు ఆవిడనే అడుగు. కొత్త చొక్కా వేసుకో. ఆ నీలం గళ్ళది వద్దు.

కాయ మాత్రం తినకు.

ప్రేమతో
అక్కయ్య


అల్ఫారెట్టా
అక్టోబరు 27, ఆదివారం

అక్కయ్యకు,

పొద్దున చలి, తర్వాత ఎండ. ఈ నెలంతా వాన లేదు. షాపు ముందు రాలిన ఆకులు ఊడ్చాను.

అయింది. బాగానే అయింది. ముందు అది రాసి, తర్వాత మిగతాది రాస్తున్నాను.

నీ ఉత్తరం చిదోజీకి ఇంగ్లీషులో చెప్పాను. "మీ దగ్గర పెళ్ళికొడుక్కే రాదా?" అని రెండుసార్లు అడిగాడు. చాలామందికి రాదన్నాను. చాలా రోజుల తర్వాత నవ్వాడు. ఉజోమా గారు వెంటనే ఒప్పుకోలేదు. రెండు రోజులు ఆలోచించి, "ఆ మీ అక్క ఎవరో గట్టి మనిషి. సరే" అంది.

నిన్న నలభై మంది వచ్చారు. హాల్లో మగవాళ్ళు, వంటింటి వైపు ఆడవాళ్ళు. హ్యూస్టన్ వాళ్ళ పెద్దాయన ఎర్రటోపీ పెట్టుకుని ఎదురుగా కూర్చున్నాడు. ఎనభై దాటి ఉంటాయి. కళ్ళు మూసుకుని ఉన్నాడు, నిద్రపోతున్నాడేమో అనుకున్నాను. నిద్ర కాదు. చిదోజీ పక్కన చిన్న స్టూలు మీద నేను. నీలం గళ్ళ చొక్కా కాదు, తెల్లది.

చిదోజీ కాయ చేతిలోకి తీసుకున్నాడు. నేను మెల్లగా అందించాను. ఆయన గట్టిగా చెప్పాడు. అందరూ "ఈసే" అన్నారు. రెండో వాక్యం, ఈసే. మూడోది దాటింది. ఆరోది దాటింది. నా ప్రాణం కుదుటపడింది.

అక్కడే తప్పు చేశాను. ఆ పేజీలో ఆశీర్వచనం పై సగంలో ఉంది. కింద సగంలో ఆ రోజు పని రాసుకున్నాను. అదీ తెలుగు అక్షరాలే, ఇదీ తెలుగు అక్షరాలే. కన్ను ఆగలేదు. "నాలుగో నంబరుకు నీళ్ళ గొట్టం మార్చాను" అని అందించాను. చిదోజీ కాయ పైకెత్తి, ఒక్క అక్షరం పోకుండా, "నాలుగో నంబరుకు నీళ్ళ గొట్టం మార్చాను" అన్నాడు.

నలభై మందీ "ఈసే!" అన్నారు.

"ఇక కారదు" అన్నాను. నోరు దాని పని అది చేసుకుపోతోంది, అక్కయ్యా.

"ఇక కారదు!" అన్నాడు చిదోజీ.

"ఈసే!"

అప్పుడు వంటింటి గడపలో ఉజోమా గారు ఫక్కున నవ్వింది. అంత చిన్న మనిషికి అంత నవ్వు ఎక్కడిదో. ఎర్రటోపీ పెద్దాయన కళ్ళు తెరిచి చెయ్యి ఎత్తాడు. "ఇది ఏ ఊరి ఇగ్బో?" అని ఇంగ్లీషులో అడిగాడు.

లేచి తప్పు నాదని చెబుదామనుకున్నాను. చిదోజీ నా మోకాలి మీద చెయ్యి వేసి కూర్చోబెట్టాడు. "ఇది మా మెకానిక్ భాష, సర్. మా నాలుగో మిషను కారుతుంటే ఆయన బాగు చేశాడు. నాకు ఇగ్బో రాదు. ఆయన మా అమ్మ దగ్గర నేర్చుకుని నాకు అందిస్తున్నాడు" అన్నాడు.

పెళ్ళికూతురు నేల చూస్తోంది. పిల్లవాడి తండ్రి గొంతు సవరించుకున్నాడు. ఇంగ్లీషులో కానిద్దాం అంటాడేమో అనుకున్నాను.

పెద్దాయన, "మీ అమ్మ పొద్దున లేవగానే నీతో ఏమంటుంది?" అని అడిగాడు.

చిదోజీ నా పుస్తకం మూసి నా ఒళ్ళో పెట్టి, ఇగ్బోలో మొదలుపెట్టాడు. మెల్లగా, ఒక్కో మాటా తడుముకుంటూ. కొన్ని నాకూ అర్థమయ్యాయి. వచ్చిన వాళ్ళందరికీ చల్లగా తెల్లవారాలి. అందరూ తినాలి. ఈ పిల్లలు దారిలో పడకూడదు. పడితే ఎత్తేవాళ్ళు ఉండాలి. పుస్తకంలో ఉన్నంత పెద్ద మాటలు కావు. చాలా మటుకు పుస్తకంలో లేనివే. ఆవిడ వంటింట్లో తనలో తాను అనుకునేవి, ఫోనులో చుట్టాలతో అనేవి. ఇన్నేళ్ళూ విన్నాడు కాబోలు. ఒకచోట మాట తప్పినట్టుంది, ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఆయన ఆగలేదు. ఒక్కో వాక్యానికీ ఈసే పెద్దదవుతూ వచ్చింది. చివరిదానికి ఆడవాళ్ళు కూడా కలిశారు.

పెద్దాయన కాయ అందుకుని, "నా మనవళ్ళు తొమ్మిది మంది. ఒక్కడు ఈ మాత్రం చెబితే నేను హాయిగా పోతాను" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "మా ఇంట్లో సింకు కారుతోంది. హ్యూస్టన్ వస్తావా?" అన్నాడు. దాంతో అందరూ ఒక్కసారిగా మాట్లాడటం మొదలుపెట్టారు. పెళ్ళి మాటలు సాయంత్రం దాకా సాగాయి. డిసెంబరులో పెళ్ళి.

కాయ ముక్క నాకూ ఇచ్చారు. వద్దంటే బాగుండదని గోరంత కొరికాను. కటిక చేదు. గుండె బాగానే ఉంది. బావగారికి చెప్పకు. చెప్పినా ఫరవాలేదు.

అందరూ వెళ్ళాక ఉజోమా గారు వచ్చి కొడుకు పక్కన కూర్చుని ఇగ్బోలో ఏదో అడిగింది. ఆయన ఇగ్బోలోనే జవాబు చెప్పాడు. ఏమనుకున్నారో నేను అడగలేదు. నా స్టూలు మడిచి లోపల పెట్టి ఇంటికి వచ్చాను. చాలా రోజులకు హాయిగా నిద్రపట్టింది.

ఇవాళ ఇద్దరూ షాపుకు వచ్చారు. బట్టలు మడతపెట్టే బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చున్నారు. ఆయన మాట తడబడితే ఆవిడ దిద్దటం లేదు, ఆగుతోంది. దుప్పటి చెరో కొసా పట్టుకుని మడత పెడుతున్నారు. నేను ఇటు తిరిగి రాసుకుంటున్నాను. రెండో నంబరు మిషను తలుపు రబ్బరు చిరిగింది. పాతది విప్పాను. కొత్తది తెచ్చి పెట్టాను కానీ ఇంకా బిగించలేదు. వాళ్ళ మాటలు అయ్యాక బిగిస్తాను.

నీ తమ్ముడు
శేషగిరి